ఎన్నుకొనవలసినది పాఠమా, ప్రశ్నయా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలోను, వాని చుట్టుపట్ల పల్లెలలోను ఇంజనీరింగు పట్టము పుచ్చుకొన్న కొడుకో కూతురో లేని వీధి నేడు అరుదు. వారిలో చాలమంది ఉద్యోగములకై బెంగుళూరు, హైదరాబాదు పోవుదురు. కొందరు మాత్రము ఇంకొక రెండేండ్లు చదివెదమని కంప్యూటరు శాస్త్రమున ఎం.టెక్. వైపు తిరుగుదురు. ఆ మాట ఇంట వినబడగానే పెద్దలు అడుగు ప్రశ్నలు మూడు: ఏ కళాశాల, ఎంత ఖర్చు, తరువాత ఏ ఉద్యోగము. ఇవి అడుగదగినవే. కాని ఆ రెండేండ్ల చదువులో అసలు బరువు ఎక్కడ ఉన్నదో తెలియనిదే ఈ మూడింటిలో దేనికిని సరియైన సమాధానము దొరకదు. ఆ బరువు రెండు మాటలలో ఇమిడి ఉన్నది. ఒకటి ఐచ్ఛిక పాఠ్యము. విద్యార్థుల వాడుకలో ఎలెక్టివ్. రెండవది పరిశోధన ప్రాజెక్టు. ఈ రెంటికిని గల సంబంధమును గూర్చి చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

ఒక తరము క్రిందట ఇది మన ఇండ్లలో చర్చకు రాదగిన విషయమే కాదు. కంప్యూటరు శాస్త్రము చదువదలచినవాడు అనంతపురమో, తిరుపతియో, అంతకన్న దూరమో పోవలసినదే. 2006లో పులివెందులయందు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము వారి ఇంజనీరింగు కళాశాల ఏర్పడినది. అదే సంవత్సరమున కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము వెలసినది. దాని ఇంజనీరింగు కళాశాల ప్రొద్దుటూరున ఉన్నది. 2008లో వేంపల్లె చెంత ఇడుపులపాయయందు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఆరంభమైనది. కళాశాల ఇంటి ముంగిటికి వచ్చినది. వచ్చిన చదువును ఎట్లు వాడుకొనవలెనన్నదే మిగిలిన మాట.

ఎం.టెక్. చదువు నాలుగు సెమిస్టర్లు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో వెలువరించిన నమూనా పాఠ్యప్రణాళికలో మొత్తము 68 క్రెడిట్లు. క్రెడిట్ అనగా పాఠమునకు కట్టిన తూకపు రాయి వంటిది; వారమునకు ఒక గంట బోధన సాగిన పాఠమునకు ఒక క్రెడిట్ అని స్థూలముగా అనుకొనవచ్చును. ఆ 68లో అందరును తప్పక చదువవలసిన మూలపాఠములకు దక్కునది 12 మాత్రమే. శాఖకు చెందిన ఐచ్ఛిక పాఠ్యములు ఐదు, ఒక్కొక్కటి 3 క్రెడిట్లు, వెరసి 15. అన్ని శాఖలవారికిని తెరచియుంచిన ఐచ్ఛికము ఇంకొకటి, 3. పరిశోధన వ్యాసము మూడవ సెమిస్టరున 10, నాలుగవ సెమిస్టరున 16, వెరసి 26. కూడి చూడుడు: 44. అనగా 68లో 44 క్రెడిట్లు, దాదాపు మూడింట రెండు వంతుల చదువు, విద్యార్థి తాను ఎన్నుకొన్నదానిపై ఆధారపడి ఉన్నది. విశ్వవిద్యాలయమును బట్టి ఈ అంకెలు కొంచెము మారవచ్చును గాని తీరు మారదు. ఇంజనీరింగు పట్టమునకు నాలుగేండ్లు చదివినప్పుడు స్థితి ఇందుకు దాదాపు విపర్యయము. అక్కడ పాఠము వడ్డించిన విస్తరి. ఇక్కడ విద్యార్థియే బజారుకు పోయి సరకులు తెచ్చుకొని వండుకొనవలెను. ఈ మార్పు తెలియక మొదటి సెమిస్టరును వ్యర్థపుచ్చుకొనువారు ఎందరో కలరు.

ఎన్నుకొనుటకు ఏముండును? పట్టికలో కనబడు పేర్లు కొన్ని చెప్పెదను. మెషిన్ లెర్నింగ్ అనగా వందలు, వేల ఉదాహరణములను చూపి యంత్రముచేత నియమమును పట్టించు విద్య. కంప్యూటర్ విజన్ అనగా చిత్రములోని వస్తువును యంత్రము గుర్తించు విద్య. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ అనగా వేర్వేరు చోట్ల ఉన్న అనేక యంత్రములు, నడుమ ఒకటి రెండు చెడిపోయినను, ఒకే పనిని పొరపాటు లేకుండ నడిపించు విద్య. బ్యాంకు ఖాతా చిల్లు పడకుండుటకు ఇదియే ఆధారము. సమాచారమును పోగుచేసి, చెత్త ఏరి, పనికి సిద్ధము చేయుట ఒక పాఠ్యము. ఇది పేరు వినుటకు చప్పగానున్నది గనుక దీనిని కోరువారు తక్కువ. పనిలో దిగినవానికి మాత్రము అన్నింటికన్న ముందు అక్కరకు వచ్చునది ఇదియే. అన్ని శాఖలకు తెరచిన ఐచ్ఛికములలో ఆపరేషన్స్ రీసెర్చి, పారిశ్రామిక భద్రత, వ్యర్థ పదార్థముల నుండి శక్తిని తీయుట వంటివి కలవు. క్రెడిట్ లేకుండ విని ఉత్తీర్ణుడు కావలసిన పాఠములు వేరే కొన్ని ఉన్నవి: పరిశోధన పత్రములు వ్రాయుటకు ఆంగ్లము, విపత్తుల నిర్వహణ, భారత రాజ్యాంగము, యోగము, శాస్త్రజ్ఞానమునకై సంస్కృతము మొదలైనవి. వీనిని పరిహాసము చేయుట విద్యార్థులలో వాడుక. పత్రము వ్రాయు ఆంగ్లమును పరిహసించినవాడు నాలుగవ సెమిస్టరున దానికొరకే రాత్రులు మేల్కొనును.

ఇక విద్యార్థులు వీనిని ఎట్లు ఎన్నుకొందురో చూడుడు. పేరులో కృత్రిమ మేధ అనుమాట ఉన్న పాఠ్యమునకు గుంపులుగా చేరుదురు. మార్కులు ధారాళముగా వేయునని పేరుపొందిన అధ్యాపకుని వద్దకు కొందరు, పై తరగతివారి నోట్సు దొరకు పాఠ్యమునకు కొందరు పోవుదురు. ఇందు ఇంకొక చిక్కు కూడ కలదు. పట్టికలో ఉన్నదంతయు తరగతిలో ఉండదు. ఒక పాఠ్యమును బోధింపగల అధ్యాపకుడు ఉండవలెను. చేరువారి సంఖ్య చాలినంత ఉండవలెను. ఈ రెండును కుదరనిచో కాగితముమీద ఐదు ఉన్నను విద్యార్థికి నిజముగా దక్కు ఎంపిక ఒకటి రెండే. చేరుటకు ముందే, గడచిన రెండేండ్లలో ఈ కళాశాలలో నిజముగా నడచిన ఐచ్ఛికములేవి అని అడిగి తెలిసికొనుట మంచిది. ఫీజు ఎంత అని అడుగుట కెంత హక్కు కలదో, ఇది అడుగుటకును అంత హక్కు కలదు.

నా అభిప్రాయము సూటిగా చెప్పుచున్నాను. ఐచ్ఛికములను ఎన్నుకొనుటకు ముందు ప్రశ్నను ఎన్నుకొనవలెను. మూడవ సెమిస్టరున పరిశోధనకు ఎత్తుకొనబోవు ప్రశ్న, తెలిసీ తెలియని రూపమున నైనను, మొదటి సెమిస్టరు ముగియులోగా మనస్సున ఉన్నచో, ఏ పాఠ్యము కావలెనో ఆ ప్రశ్నయే చెప్పును. సాధారణముగా జరుగునది దీనికి తలక్రిందులు: ఐదు పాఠ్యములు ఐదు దిక్కుల చదివి, చివరకు, వీనితో ఏమి చేయుదమని ప్రశ్నకై వెదకుట.

ఈ శాస్త్ర చరిత్రలోనే దీనికి గొప్ప నిదర్శనము ఉన్నది. అమెరికాలో క్లాడ్ షానన్ అను యువకుడు మిషిగన్ విశ్వవిద్యాలయమున చదువుచుండగా తత్త్వశాస్త్ర విభాగమున తర్కపాఠము విన్నాడు. పందొమ్మిదవ శతాబ్దిలో జార్జి బూల్ అను గణితజ్ఞుడు నిజము, అబద్ధము అను రెండు విలువలతోనే నడిపిన బీజగణితము ఆ పాఠములో వచ్చినది. విద్యుచ్ఛాస్త్రము చదువు కుర్రవానికి అది ఎందులకని ఆనాడు ఎవరైన అడిగియుండవచ్చును. తరువాత అతడు ఎం.ఐ.టి.లో మాస్టర్ పట్టమునకై చేరి, పెద్ద గణనయంత్రమొకదానిని నడుపు పనిలో కుదిరినాడు. ఆ యంత్రమునకు నూరింటి వరకు విద్యుత్ మీటలు గల చిక్కుముడి వలయము ఉండెను. తెరచిన మీట, మూసిన మీట, అబద్ధము, నిజము. ఆ రెండు జతలు ఒక్కటేయని అతనికి స్ఫురించినది. 1937లో వ్రాసిన ఆ మాస్టర్ వ్యాసముపైననే నేటి కంప్యూటరు వలయముల నిర్మాణ శాస్త్రమంతయు నిలిచియున్నది. అది డాక్టరేటు గ్రంథము కాదు, మన పిల్లలు వ్రాయు తరహా వ్యాసమే. అన్యశాఖలో విన్న పాఠము ఒకటి, చేతిలోనున్న యంత్రము పెట్టిన ప్రశ్న ఒకటి, రెండును కలిసినవి. అంతే.

మన సీమకు దగ్గరి నిదర్శనము రాజ్ రెడ్డి గారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియాలో మాస్టర్ పట్టము పొంది, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ చేరినారు. అక్కడ జాన్ మెకార్తీ గారి తరగతిలో చేయవలసిన ఒక చిన్న ప్రాజెక్టుగా, మనుష్యుని మాటను యంత్రము గుర్తింపగలదా అను విషయమును ఎత్తుకొన్నారు. తరగతి ముగిసినది గాని ప్రశ్న ముగియలేదు. 1966లో డాక్టరేటు, ఆపైన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున దశాబ్దముల కృషి, 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము, అన్నియు ఆ ప్రశ్న వెంట వచ్చినవే. ఇడుపులపాయ ప్రాంగణము గల విశ్వవిద్యాలయమునకు తొలి కులపతి ఆయనయే.

అట్టి ప్రశ్నలు మన ఊళ్లలో దొరకునా అని సందేహించువారికి మొదట పులివెందుల తోటలను చూపెదను. అచట చీనీ, అరటి తోటలే చాల కుటుంబములకు జీవనాధారము. చీనీ చెట్టు కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. తెగులు తగిలి తోట ఎత్తివేయవలసి వచ్చినచో నష్టము ఒక పంటతో పోవునది కాదు. కనుక ఆకును ఫోటో తీసి తెగులును కనిపెట్టు యంత్రము అను ప్రాజెక్టు విద్యార్థులకు ప్రియమైనది. దేశమంతట వందలాది కళాశాలలలో దీనిని చేయుచున్నారు. ఎట్లు చేయుచున్నారో కొంచెము నిదానముగా చూడవలెను.

ప్లాంట్‌విలేజ్ అను ఫోటోల భాండారము ఒకటి ఉచితముగా దొరకును. అందు 14 పంటలు, 26 తెగుళ్లు, 54,306 చిత్రములు. 2016లో ప్రకటితమైన ఒక పత్రములో పరిశోధకులు ఈ చిత్రములతో యంత్రమునకు నేర్పి, అందే వేరుగా తీసిపెట్టిన చిత్రములతో పరీక్షింపగా నూటికి 99కి పైగా సరియైన సమాధానములు వచ్చినవి. ఆ అంకెను చూచి విద్యార్థులు మురియుదురు. అదే పత్రములో ఇంకొక అంకె ఉన్నది: వేరే పరిస్థితులలో తీసిన చిత్రములను చూపగా సరియైన సమాధానములు నూటికి 31 మాత్రమే. భాండారములోని ఆకులు చెట్టునుండి త్రుంచి, ఒక కాగితముపై పరచి తీసినవి. తోటలో ఎండ, నీడ, దుమ్ము, వెనుక ఇంకొక కొమ్మ ఉండును. 2022లో ఒకరు ఇంకొక విచిత్ర పరీక్ష చేసిరి. ఆకును పూర్తిగా విడిచి, చిత్రపు అంచులలో వెనుకతలమునుండి ఎనిమిది బిందువులను మాత్రమే యంత్రమునకు చూపిరి. నూటికి 49 సరిగా చెప్పినది. ఊరక ఊహించి చెప్పినచో నూటికి 3 కూడ రావు. అనగా యంత్రము నేర్చినది తెగులు లక్షణము ఒక్కటే కాదు. ఏ తెగులు ఫోటోలను ఏ వెలుతురులో తీసిరో అదియు నేర్చినది.

మన తోటలకు దీని అన్వయము చూడుడు. ఆ 14 పంటలలో అరటి లేదు. వేరుసెనగ లేదు. నారింజ ఉన్నది గాని దానికి ఒకే వర్గము: గ్రీనింగ్ అను తెగులు సోకిన ఆకులు. ఆరోగ్యముగల నారింజ ఆకు ఒక్కటియు అందు లేదు. ఆరోగ్యమన నేమో ఎన్నడును చూడని యంత్రమును చీనీ తోటకు తీసికొనిపోయి, ఈ ఆకు బాగున్నదా అని అడిగినచో అది ఏమి చెప్పగలదు? అయినను ఆ 99 అంకె బంగారు అక్షరములతో అట్టపై అచ్చై, వైవా ముగిసి, వ్యాసము గ్రంథాలయపు బీరువాలో చేరుచున్నది.

పులివెందులలో చదువు విద్యార్థికి గల అనుకూలత ఇక్కడనే ఉన్నది. అతనికి తోట మోటారు సైకిలు దూరములో ఉన్నది. వేసవిలోను, వానల తరువాతను, ప్రొద్దుటను, మిట్టమధ్యాహ్నమునను చెట్టుమీద ఉన్న ఆకునే ఫోటో తీయవచ్చును. ఆ ఆకునకు వచ్చినది తెగులా, ధాతులోపమా, పురుగా అన్నది తాను నిర్ణయింపరాదు. ఉద్యానశాస్త్రజ్ఞుని చేత, కుదిరిన ఇద్దరి చేత, విడివిడిగా నిర్ణయింపజేయవలెను. ఆ ఇద్దరే ఏకీభవింపని ఆకులు ఎన్ని ఉన్నవో లెక్కించుట కూడ పరిశోధనలో భాగమే. పండితులకే తేలనిది యంత్రము తేల్చునని చెప్పుట సాహసము. తరువాతి జాగ్రత్త మరింత ముఖ్యము. ఒకే చెట్టునుండి తీసిన పది ఫోటోలలో తొమ్మిదింటితో నేర్పి పదవదానితో పరీక్షించుట పరీక్షపత్రమును ముందుగా చూపుట వంటిది. నేర్పుటకు ఒక ఊరి తోటలు, పరీక్షకు వేరొక ఊరి తోటలు వాడవలెను. అప్పుడు నూటికి 70 వచ్చినను ఆ 70కి విలువ ఉన్నది. ఈ ప్రశ్నను ముందుగా పెట్టుకొన్నవానికి ఐచ్ఛికములు వాటంతట అవియే తేలును: కంప్యూటర్ విజన్, మెషిన్ లెర్నింగ్, వానితోబాటు ఇందాక చప్పనిదని చెప్పిన సమాచార సంస్కరణ పాఠ్యము.

రెండవది మాట. ఇది మా వృత్తికి దగ్గరిది గనుక కొంచెము ఎక్కువ చెప్పినచో శ్రోతలు మన్నింతురు గాక. వ్రాయుట చదువుట అలవాటు లేని రైతు ఫోనులో మాటాడి సమాధానము పొందగల యంత్రములను నేడు ప్రభుత్వములును సంస్థలును సిద్ధము చేయుచున్నవి. 2022లో కేంద్రప్రభుత్వము భాషిణి అను పేర భారతీయ భాషలకై ఒక పెద్ద ప్రయత్నమును ఆరంభించినది. అయితే యంత్రము నేర్చిన తెలుగు ఏ తెలుగు? జమ్మలమడుగు నల్లరేగడి రైతు, "చెనిక్కాయకు తెగులు తగిలినాది సార్, ఏం మందు కొట్టాల?" అని అడిగినాడనుకొనుడు. పుస్తకములలో అది వేరుసెనగ. కోస్తావారి నోట వేరుశనగకాయ. "కొట్టాల" అనుట ఇక్కడ ప్రశ్నకు సహజరూపము. "కొట్టాలి" అని విని నేర్చిన యంత్రము తుదిని ఇకారము లేని ఆ మాటను తప్పుగా విరువవచ్చును. "వస్తాండాడు" అనుమాట వార్తలు చదువు తెలుగులో వినబడదు. శనగ అనగానే ఇంకొక చిక్కు: ఆ నల్లరేగడిలో విరివిగా పండునది బుడ్డశనగ. శనగ అన్నచో ఏ శనగయో గ్రహింపని యంత్రము ఒక పంట మందును వేరొక పంటకు చెప్పును. ఇక్కడ తప్పు విన్నందుకు దండుగ పెట్టువాడు రైతు.

యంత్రము విన్నదానిని కొలుచుటకు ఒక లెక్క ఉన్నది. మనిషి పలికిన పది మాటలలో యంత్రము మూడింటిని తప్పుగా వ్రాసినను, విడిచినను, అది నూటికి 30 తప్పు. ఈ లెక్కను అందరికిని కలిపి సగటు తీయుట వాడుక. సగటు మర్యాదగానే కనబడును. పట్టణపు పడుచువారి మాటకు 10, పల్లె వృద్ధురాలి మాటకు 50 వచ్చినను సగటు 30యే. రైతులు, స్త్రీలు, వృద్ధులు, మండలమునకు మండలము విడివిడిగా కొలిచి, యంత్రము ఎవరి మాటను వినకున్నదో చూపిన వ్యాసము మాస్టర్ పట్టమునకు అన్నివిధముల తగినది. దానికి ఖరీదైన యంత్రములు అక్కరలేదు. ఇప్పటికే ఉన్నవానిని పరీక్షించుటయే పని. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రెస్పిన్ అను ప్రణాళిక క్రింద తెలుగుతో సహా తొమ్మిది భాషల మాండలికములలో వ్యవసాయము, ధనవ్యవహారములకు చెందిన మాటలను సేకరించిరి. దారి పడియున్నది. అందు మన మూడు పట్టణముల మాటకు ఎంత చోటున్నదో పరిశీలించుటయే ఒక ప్రశ్న.

వృత్తివలన తెలిసిన సంగతి ఒకటి జోడించెదను. స్టూడియోలో చదివిన మాటకును, పొలము గట్టున పలికిన మాటకును ఎంత దూరమో మైకు పట్టినవారికి తెలియును. గాలి, బోరు మోటారు, ప్రక్కన అరచు బిడ్డ, ఇవన్నియు మాటలో భాగములే. మైకు ముందు పెట్టగానే రైతు తన మాటను విడిచి పుస్తకపు మాట పలుకుటకు యత్నించును. పది నిముషములు వానలను గూర్చి, ధరలను గూర్చి మాటాడిన తరువాత గాని అసలు గొంతు రాదు. కాగితము చేతికిచ్చి చదివించి, అదే మాండలికమని వ్రాసికొనువారు ఈ సంగతి గమనింపవలెను. మాటను పట్టికొనుటకు ముందు, అది ఎందులకు వాడబడునో చెప్పి వారి సమ్మతి పొందుటయు అవసరము. గొంతు కూడ మనిషి సొత్తే.

ఇతర ప్రశ్నలను త్వరగా చెప్పెదను. ఎర్రగుంట్ల మండలములోని కలమళ్ల శాసనము ఆరవ శతాబ్దినాటిది. రేనాటి చోళుడు ధనంజయునిది. తెలుగున లభించిన తొలి శాసనములలో ఒకటి. ఆనాటి లిపి అచ్చులను యంత్రముచేత చదివించుట కష్టసాధ్యమైన పని, ఏలయన ఉదాహరణములు కొలదిగా ఉన్నవి. అయినను కొలది ఉదాహరణములతో నేర్చుట అన్నదే నేడు శాస్త్రములో పెద్ద ప్రశ్న. తెలుగు లిపి నేటి యంత్రములకే పూర్తిగా లొంగలేదు; 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు చెందిన ఒక అక్షరపు కూర్పు ఐఫోనులను స్తంభింపజేసిన సంగతి కొందరికి జ్ఞప్తి ఉండవచ్చును. మైలవరము, గండికోట జలాశయములలో నీటి వైశాల్యము ఋతువుల వెంట ఎట్లు మారుచున్నదో యూరోపు వారి సెంటినెల్ ఉపగ్రహముల చిత్రములనుండి తెలిసికొనవచ్చును. అవి ఉచితము, పది మీటర్ల వస్తువును చూపును. మబ్బు పట్టిననాడు మామూలు చిత్రము పనికిరాదు గనుక రాడారు చిత్రములను జోడింపవలెను. ఆ జోడింపే పరిశోధన. ఇక ప్రొద్దుటూరున అందరును ఎత్తుకొనునది బంగారము ధరను ముందుగా చెప్పు యంత్రము. దయచేసి దీనిని విడిచిపెట్టుడు. నిన్నటి ధరనే నేటి ధరగా చెప్పిన గీత, అసలు గీతకు ఆనుకొనియే పోవును. చూపరులకు అద్భుతముగా కనబడును. బజారులోని ఏ వర్తకునికిని దానితో పని లేదు.

ఇంతవరకు ఉత్సాహకరమైన మాటలు చెప్పితిని. ఇంకొక మాట చెప్పక తీరదు. నగరములలో ఎం.టెక్. ప్రాజెక్టులను సిద్ధముగా చేసి అమ్ము అంగళ్లు ఉన్నవి. ప్రోగ్రాము, వ్యాసము, వైవాలో చెప్పవలసిన జవాబులు, అన్నియు ఒకే మూటగా ఇత్తురు. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన నిబంధనల ప్రకారము వ్యాసములో ఇతరుల వ్రాతతో పోలిక నూటికి 10 దాటినచో దిద్ది తిరిగి సమర్పింపవలెను. 40 దాటినచో ఒక ఏడాది వరకు సమర్పించుటకు వీలులేదు. 60 దాటినచో ఆ చదువులో పేరే రద్దగును. కాని ఈ పరీక్ష వాక్యములను పోల్చునే గాని, పని ఎవరు చేసిరని అడుగదు. మాటలు మార్చి వ్రాసినది సులువుగా దాటిపోవును. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి, అదే రెండేండ్లలో మూడింట ఒక వంతునకు మించిన చదువును అంగడిలో కొనుటకు ఇంకొకసారి ధనము పంపుచున్నాడు. ఎందులకో తెలియక పంపుచున్నాడు. ఆ విద్యార్థి ఉద్యోగపు ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు అడుగబడునది మార్కులను గూర్చి కాదు, ఈ ప్రాజెక్టులో నీవు ఏమి చేసితివని.

కనుక ఇంటిలో పెద్దలు కంప్యూటరు శాస్త్రము తెలియకున్నను అడుగదగిన ప్రశ్న ఒకటి ఉన్నది. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవానిని భోజనమువద్ద, "నాయనా, నీవు వెదకుచున్నది ఏమి? మాకు అర్థమగునట్లు చెప్పు" అని అడుగవచ్చును. అమ్మాయినైనను అంతే. తాను వెదకునది తనకు తెలిసినవారు దానిని ఇంటి తెలుగులో చెప్పగలరు. పేర్లు, సంక్షిప్తాక్షరములు వల్లించుచు తప్పించుకొన్నచో ప్రశ్న ఇంకను దొరకలేదని గ్రహింపవచ్చును. కోపింప బనిలేదు, రెండవ సెమిస్టరు వరకు ఇది సహజమే.

ఫలితము అనుకూలముగా రాకపోవునేమో అను భయము పిల్లలకు ఎక్కువ. ఇందాక చెప్పిన పత్రములో 99 అంకెను గూర్చి లోకము మెచ్చుకొనినది. దాని ప్రక్కనే నిజాయితీగా అచ్చువేసిన 31 అంకెయే తరువాతి పరిశోధకులకు పని చూపినది. తోట ఆకులపై యంత్రము తప్పినది, ఇన్నిసార్లు తప్పినది, ఈ కారణమువలన తప్పినది అని చూపిన వ్యాసమును తిరస్కరింపవలసిన నియమము ఏదియు లేదు. పరీక్షకులలో కొందరికి ఇది రుచింపకపోవచ్చును. అందుకే మార్గదర్శకునితో ముందుగానే, మూడవ సెమిస్టరు తొలిభాగము ముగియకమునుపే, ఏ ఫలితము వచ్చిన ఏమి వ్రాయుదమో మాటాడుకొనుట మేలు.

వ్యాసము ముగిసిన తరువాత మిగులు సామగ్రిని గూర్చి కూడ ఆలోచింపవలెను. సేకరించిన ఫోటోలు, గొంతులు, వానికి పండితులు వ్రాసియిచ్చిన గుర్తులు, ఏ దినమున ఏ ఊర తీసినవో తెలుపు పట్టిక, సాధారణముగా విద్యార్థి లాప్‌టాప్‌తోబాటు బెంగుళూరు పోయి అక్కడ నశించును. మరుసటి యేడు చేరినవాడు మరల మొదటినుండి ఆరంభించును. అనుమతులతో సహా వానిని విభాగమున భద్రపరచినచో, రెండవవాడు రెండవ ఏడు నుండి ఆరంభింపగలడు. ఐదేండ్లలో పులివెందుల చీనీ ఆకులకును, జమ్మలమడుగు మాటకును ప్రపంచములో మరెక్కడను లేని భాండారము ఇక్కడనే ఏర్పడును.

తొలి సెమిస్టరు ఐచ్ఛికముల పట్టిక తరగతులు మొదలైన కొలది దినములకే చేతికి వచ్చును; పేర్లు ఇచ్చుటకు గడువు తక్కువ. ఈ యేడు చేరబోవువారు ఆ పట్టికను గత సంవత్సరపు విద్యార్థులనుండి ముందుగానే సంపాదించి, వేసవిలోనే ఒకసారి తోటవైపు, మార్కెట్ యార్డువైపు తిరిగి వచ్చుట యుక్తము.